వేపగింజ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ సర్వీస్: డేటా తీసుకోండి, రిపోర్టు వదిలేయండి

బెంగళూరులో మొక్కల ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (కణజాలంలో ఏ జీన్లు ఎంత పనిచేస్తున్నాయో చదివి చెప్పే పని) ఎవరితో చేయించాలి, ఎంత అవుతుంది, చెప్పిన టైముకి ఇస్తారా అని మా జూనియర్లూ, తిరుపతి, హైదరాబాదుల్లో చెట్ల మీద పనిచేసే స్నేహితులూ అడుగుతూనే ఉన్నారు. ప్రతి ఒక్కరికీ ఫోన్లో అరగంట చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే పోతుందని ఇది. కంపెనీ పేరు మాత్రం రాయను. ఈ ఊళ్ళో ఈ పని చేసే కంపెనీలు మాకిచ్చిన కొటేషన్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, కాబట్టి మాకు ఎదురైనవి మీకు ఇంకో చోట ఎదురైనా ఆశ్చర్యం లేదు. మార్కులు ముందే ఇచ్చేస్తా. మెషిన్ నుంచి వచ్చిన డేటాకి అయిదుకి నాలుగున్నర. దానితో కలిపి అమ్మే అనాలిసిస్ ప్యాకేజీకి ఒకటిన్నర, అదీ ఫోల్డర్లు నీట్‌గా సర్దినందుకు. చెట్లలో మందు పదార్థాలు తయారుచేసే ఎంజైమ్ జీన్ల కోసం వెతికేవాళ్ళయితే ఆ ప్యాకేజీ జోలికి పోకండి.

ఎందుకో అర్థం కావాలంటే మేం ఏం వెతుకుతున్నామో కాస్త చెప్పాలి. మా పని వేపలో పురుగుల్ని అరికట్టే అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసే ఎంజైమ్‌ల మీద. వేప చేదు గురించి మనవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది, ఉగాది పచ్చడిలో పువ్వు దగ్గర్నుంచి ఆటలమ్మ పోసినప్పుడు పక్కలో పరిచే మండల దాకా ఇంట్లో తెలిసిన చెట్టే. కానీ పురుగుమందుల వాళ్ళు వెంటపడే అజాడిరక్టిన్ దండిగా ఉండేది ఆకులో కాదు, గింజ లోపలి పప్పులో. దాన్ని ల్యాబ్‌లో మొదటినుంచీ తయారుచేయడానికి కేంబ్రిడ్జ్‌లో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్ళు పట్టింది, 2007లో ముగించారు. మన వీధి చివర చెట్టు అదే పనిని ప్రతి వేసవిలో ఎవరి గ్రాంటూ లేకుండా చేసేస్తోంది.

చెట్టు ఆ పనికి ఆక్సిడోస్క్వాలీన్ అనే 30 కార్బన్ల పొడుగాటి అణువుతో దిగుతుంది. మొదట ఒక ఎంజైమ్ దాన్ని మడతపెట్టి వలయాలుగా మారుస్తుంది. తర్వాత సైటోక్రోమ్ పీ450 అనే పెద్ద కుటుంబంలోని ఎంజైమ్‌లు ఒక్కోచోట ఆక్సిజన్ తగిలిస్తాయి, దారిలో నాలుగు కార్బన్లు ఊడి 26 మిగులుతాయి, ఒక మూల ఫ్యూరాన్ వలయం ఏర్పడుతుంది. అక్కణ్ణుంచి ఇంకా చాలా మార్పులు జరిగి చివరికి 16 ఆక్సిజన్లున్న అజాడిరక్టిన్ తయారవుతుంది. ఈ దారిలో మొదటి మూడు ఎంజైమ్‌లని 2019లో బయటపెట్టారు, అది కూడా ముఖ్యంగా తురకవేపలోంచి: వలయాలు చేసే ఓఎస్‌సీ1, ఆ తర్వాత సీవైపీ71సీడీ2, సీవైపీ71బీక్యూ5. ఈ మూడూ కలిస్తే మెలియనాల్ అనే పదార్థం వస్తుంది. 2023లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సెంటర్, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వాళ్ళు కలిసి నారింజ, తురకవేపల నుంచి మొత్తం 22 ఎంజైమ్‌లని పట్టుకుని, పొగాకు జాతి మొక్క ఆకుల్లో ఆ జీన్లు పెట్టి, తురకవేప దారిని అజాడిరోన్ దాకా నడిపించి చూపించారు. అజాడిరోన్ నుంచి అజాడిరక్టిన్‌కి ఇంకా చాలా దూరం ఉంది. ఆ మిగతా దూరంలోనే ప్రపంచంలో కొన్ని ల్యాబ్‌లు పోటీ పడుతున్నాయి, మాది అందులో అతి చిన్నది, గ్రాంటు కూడా అంతే చిన్నది, అందుకే ప్రతి రూపాయికీ ఇంత గోల.

ఇంకో మాట, మన ఊరి గొప్ప కాబట్టి చెప్పకుండా ఉండలేను. వేప జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ వరస) చిత్తుప్రతి 2012లో ప్రచురితమైంది, ఆ పని చేసింది బెంగళూరులోని గనిట్ ల్యాబ్స్ వాళ్ళే. జీనోమ్‌తో పాటు నాలుగు ట్రాన్స్‌క్రిప్టోమ్‌లు (ఒక్కో కణజాలంలో ఉన్న ఆర్‌ఎన్‌ఏల జాబితాలు) కూడా ఇచ్చారు, జీన్లు 20 వేల దగ్గర అని లెక్కేశారు. ఈ 20 వేల సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

సరే, సర్వీస్ సంగతి. కొటేషన్ అడిగిన మర్నాడే ఒక కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. ముందు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, నా పేరు వినగానే "మేడం, మీరు తెలుగేనా? మాది హిందూపురం" అన్నాడు, ఆ తర్వాత చివరిదాకా అక్కా అనే. మనిషి మంచివాడు, ఫోన్ ఎత్తకుండా ఉండడు, తనకి తెలియనిది తెలియదంటాడు. సపోర్ట్‌కి మాత్రం నిజంగా అయిదుకి అయిదు ఇవ్వొచ్చు. ధర శాంపిల్‌కి పదిహేను వేలు దాటలేదు, దానిమీద 18 శాతం జీఎస్టీ. కణజాలం పంపితే ఆర్‌ఎన్‌ఏ తీయడం వాళ్ళదే, లైబ్రరీ కట్టడం (ఆర్‌ఎన్‌ఏని మెషిన్ చదవగలిగే డీఎన్‌ఏ ముక్కలుగా మార్చడం), ఆ ముక్కలని రెండు వైపుల నుంచీ 150 బేస్‌ల (అక్షరాల) చొప్పున చదవడం, శాంపిల్‌కి ఆరు గిగాబేస్‌ల (600 కోట్ల అక్షరాల) డేటా, ఇంతవరకూ ఒక ధర. అనాలిసిస్ విడిగా ఇంకో లైను. మా సార్ ఆ రెండో లైను చూసి "ఇది అవసరమా?" అని ఒకసారి అడిగారు, అయితే ప్యాకేజీగా తీసుకుంటే డిస్కౌంట్ ఉందని ఆఫీసులో అందరూ దానికే మొగ్గారు, పీవో (కొనుగోలు ఆర్డరు) వెళ్ళిపోయింది.

మొదటి ఇబ్బంది ఆర్‌ఎన్‌ఏ తీయడం దగ్గరే వచ్చింది. ఆకులకి వాళ్ళ రెడీమేడ్ కిట్ బాగానే పనిచేసింది. గింజ పప్పు దగ్గర చేతులెత్తేశారు. వేపపప్పు బరువులో దాదాపు సగం నూనే ఉంటుంది, దానికి తోడు ఫినాల్స్, పాలీశాకరైడ్లు. దంచి బఫర్‌లో వేయగానే గోధుమరంగుకి తిరిగి జిగటగా అయిపోతుంది, ఆ జిగట కిట్‌లోని కాలమ్‌ని మూసేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ నాణ్యత కొలిచే రిన్ అనే అంకె పదికి ఏడైనా ఉంటే లైబ్రరీకి ధైర్యంగా వెళ్ళొచ్చు, మా పప్పు శాంపిళ్ళకి నాలుగు, అయిదు వచ్చాయి. ఇక్కడ వాళ్ళు చేసిన పని నాకు అస్సలు నచ్చలేదు. శుక్రవారం సాయంత్రం ఒక మెయిల్: శాంపిళ్ళు క్యూసీలో (నాణ్యత పరీక్షలో) ఫెయిల్ అయ్యాయి, అయినా మీ రిస్క్ మీద ముందుకు వెళ్ళమంటారా, సోమవారంలోగా చెప్పండి, లేకపోతే బ్యాచ్ మిస్ అవుతుంది. ఇలా టెన్షన్ పెట్టి మనచేత సంతకం పెట్టించుకుంటే తర్వాత డేటా ఎలా ఉన్నా వాళ్ళకి బాధ్యత లేదు. మేం వద్దన్నాం. బ్యాచ్ పోతే పోయిందన్నాం.

పప్పు ఆర్‌ఎన్‌ఏ మా ల్యాబ్‌లోనే తీశాం, సీటాబ్ అనే డిటర్జెంట్ వాడే పాతకాలం పద్ధతిలో. లిక్విడ్ నైట్రోజన్‌లో పొడిచేసి, వేడి సీటాబ్ బఫర్‌లో పీవీపీ, బీటా-మెర్కాప్టోఇథనాల్ కాస్త ధారాళంగా వేసి, క్లోరోఫామ్‌తో రెండుసార్లు కడిగి, లిథియం క్లోరైడ్‌తో రాత్రంతా ఫ్రిజ్‌లో కింద కూర్చోబెట్టడం. వాసనకి పక్క ల్యాబ్ వాళ్ళు తిట్టుకున్నారు. కానీ ఆర్‌ఎన్‌ఏ ముత్యంలా వచ్చింది, రిన్ ఎనిమిది దాటింది. కాబట్టి గింజ, బెరడు, కలప, వేరు మీద పనిచేసేవాళ్ళందరికీ నా సలహా, కణజాలం పంపకండి, ఆర్‌ఎన్‌ఏనే తీసి పంపండి. కిట్‌తో రోజుకి వందల శాంపిళ్ళు లాగించే చోట మీ ఒక్క మొండి గింజ కోసం రాత్రంతా లిథియం క్లోరైడ్ పెట్టే ఓపిక ఎవరికుంటుంది. ఆకుల విషయంలో ఇంకో చిన్న సంగతి, పచ్చటి ఆకుల్లో క్లోరోప్లాస్ట్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంటుంది కాబట్టి ఆ మెషిన్ ఒక్కోసారి మంచి ఆర్‌ఎన్‌ఏకి కూడా తక్కువ అంకె ఇస్తుంది. అంకె ఒక్కటే చూసి భయపడకుండా గ్రాఫ్ పంపమని అడగండి. అడిగితే పంపుతారు, అడక్కపోతే పంపరు.

రవాణా గురించి ఎక్కువ చెప్పను. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరైపోతుంది, థర్మోకోల్ డబ్బాని గాలి చొరకుండా టేపుతో బిగించకూడదు, వాయువు పోవడానికి సందు ఉండాలి. యలహంక వైపు నుంచి సిల్క్ బోర్డ్ అవతలికి మధ్యాహ్నం పూట క్యాబ్‌లో వెళ్ళాలంటే హెబ్బాళ దగ్గరే సగం ఐస్ పోతుందేమో అని అద్దాలు దించుకుని కూర్చోవడం మాత్రం నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. కంపెనీ వాళ్ళు పికప్‌కి మనిషిని పంపుతారు, అది ఉచితం, వాడుకోండి.

ఇక డేటా. ఇక్కడ మెచ్చుకోకుండా ఉండలేను. ఆరు గిగాబేస్‌లు చెప్పి ప్రతి శాంపిల్‌కీ అంతకన్నా ఎక్కువే ఇచ్చారు, అంటే రెండు కోట్ల రీడ్ (మెషిన్ చదివిన ఒక్కో వరస) జతల పైమాటే. వెయ్యి బేస్‌లకి ఒక్క తప్పు కూడా దాటని నాణ్యతని క్యూ30 అంటారు, ఆ గీత దాటిన బేస్‌లు తొంభై శాతం పైనే ఉన్నాయి. ఒక పప్పు శాంపిల్‌లో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ వచ్చిందని మేం అడగకముందే వాళ్ళే పట్టుకుని, లైబ్రరీ మళ్ళీ కట్టి, పైసా తీసుకోకుండా మళ్ళీ చదివించారు. ఈ నిజాయితీ ఈ రంగంలో అన్నిచోట్లా దొరకదు. మెషిన్ వాళ్ళ సొంతం, ఇంకెక్కడికో పంపి తెప్పించే రకం కాదు, ఇది కూడా అడిగి తెలుసుకోండి. ఎందుకంటే మన మొక్కల శాంపిళ్ళు దేశం దాటాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థతో కాగితాల పని చూసుకోవాలి. వేప విషయంలో మనకి పాత గాయం కూడా ఉంది కదా. వేప నూనెతో శిలీంద్రాలని అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకీ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ ఐరోపాలో పేటెంట్ ఇస్తే, మనవాళ్ళు పోరాడి 2000లో రద్దు చేయించారు, అప్పీలు 2005లో తేలింది.

టైము విషయంలో మార్కులు కోస్తాను. చెప్పిన గడువుకి దాదాపు రెట్టింపు పట్టింది. అందులో కొంత మేం ఆర్‌ఎన్‌ఏ మళ్ళీ తీసినందువల్ల, కాదనను, కానీ మిగతాది "రన్ నిండాలి అక్కా, ఫ్లో సెల్‌లో (శాంపిళ్ళు పెట్టే పలకలో) ఖాళీ ఉంటే మాకు నష్టం" అని ఆ హిందూపురం తమ్ముడే ఒప్పుకున్నాడు.

అసలు గొడవ అనాలిసిస్ రిపోర్టు దగ్గర. రంగురంగుల పీడీఎఫ్, దాదాపు యాభై పేజీలు. మొదటి పదిహేను పేజీలు సీక్వెన్సింగ్ అంటే ఏమిటో చెప్పే పాఠం, బీఎస్సీ పిల్లలకి పనికొస్తుంది. తర్వాత చూస్తే, వేపకి జీనోమ్ ఉందని మేం మెయిల్లో రాసినా, జీనోమ్ లేని మొక్క అనుకుని రీడ్లని ఒకదానితో ఒకటి అతికించి ట్రాన్స్‌క్రిప్ట్‌లు (జీన్ల ఆర్‌ఎన్‌ఏ నకళ్ళు) కట్టేశారు. ఎన్ని వచ్చాయో తెలుసా, లక్ష దాటి. జీన్లు 20 వేల దగ్గరున్న చెట్టుకి లక్ష ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఎలా వస్తాయండీ అని అడిగితే ఐసోఫామ్‌లు, అంటే ఒకే జీన్ నుంచి వచ్చే వేరువేరు రూపాలు, అన్నారు. కొన్ని ఐసోఫామ్‌లే కావచ్చు, చాలావరకు ముక్కలు.

మామూలు జీన్లకి ఇది పెద్ద నష్టం కాదు. మేం వెతికే జీన్లకి మాత్రం ఇదే చావుదెబ్బ. పీ450 లాంటి కుటుంబాలు చెట్టులో వందల్లో ఉంటాయి. అరాబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలోనే 240కి పైన ఉన్నాయి, చెట్ల సంగతి చెప్పక్కర్లేదు. అందులో కొన్ని పక్కపక్కనే పుట్టిన నకళ్ళు, తొంభై శాతం పైగా ఒకేలా ఉంటాయి. పొట్టి రీడ్లతో వాటిని కలిపి కడితే, కవలల ఫొటోలు చించి ముక్కలు కలిపి అతికించినట్టు, ఒకదాని తల ఇంకోదాని మొండెంతో వస్తుంది. అలాంటి సీక్వెన్స్ చూసి ప్రైమర్లు వేస్తే పీసీఆర్‌లో (జీన్‌కి నకళ్ళు తీసే పద్ధతిలో) బ్యాండ్ రాదు, వచ్చినా ఆ ప్రోటీన్ పనిచేయదు, మనం మాత్రం ఈ జీన్‌ది ఈ పని కాదులే అనుకుని వదిలేస్తాం. ఓఎస్‌సీ అయితే ఇంకా విచిత్రం. 760 అమైనో ఆమ్లాల దగ్గర ఉండే ప్రోటీన్ అది, కోడింగ్ భాగమే రెండువేల మూడువందల బేస్‌లు. వాళ్ళ రిపోర్టులో అది మూడు వేరువేరు ట్రాన్స్‌క్రిప్ట్‌లుగా, మూడు వేరు పేర్లతో, మూడు వేరు ఎక్స్‌ప్రెషన్ (జీన్ ఎంత పనిచేస్తోందో చెప్పే) విలువలతో ఉంది. అదే రీడ్లని మేం జీనోమ్ మీద మ్యాప్ చేస్తే ఒక్క జీన్‌గా శుభ్రంగా కూర్చుంది.

పేర్లు పెట్టే పద్ధతి గురించి కూడా చెప్పాలి. డేటాబేస్‌లో దగ్గరగా కనబడ్డ మొదటి దాని పేరు తెచ్చి అంటించేస్తారు. మా పట్టికలో "సైటోక్రోమ్ పీ450 71ఏ1 లాంటిది" అని కనీసం డజను చోట్ల ఉంది. దానర్థం ఏమిటి? ఏమీ లేదు. పీ450ల పేర్లలో మొదటి అంకె కుటుంబం, నలభై శాతం పైగా పోలిక ఉంటే ఒకే కుటుంబం, యాభై అయిదు దాటితే ఒకే ఉపకుటుంబం, అంతే. ఏ పదార్థం మీద పనిచేస్తుందో ఆ పేరులో లేదు. ఒకే ఉపకుటుంబంలో ఒకటి చేదు పదార్థం మీద, ఇంకోటి పూల వాసన మీద పనిచేస్తుండొచ్చు. మనవాళ్ళలో చాలామంది ఆ పేరుని థీసిస్‌లోకి అలాగే దించేస్తారు, వైవాలో దొరికిపోతారు.

దారుల పటం పేజీకొచ్చేసరికి మా ల్యాబ్ అంతా నవ్వాం. ఎక్కువ జీన్లున్న దారులంటూ ఒక బార్ చార్ట్, అందులో పార్కిన్సన్స్ వ్యాధి, హంటింగ్టన్స్ వ్యాధి. వేపచెట్టుకి పార్కిన్సన్స్! మనిషికీ మొక్కకీ మైటోకాండ్రియా ప్రోటీన్లు కొన్ని ఒకేలా ఉంటాయి కాబట్టి, మొక్కల దారులు మాత్రమే చూడమని చెప్పకుండా ప్రోగ్రాం నడిపితే ఇవి వస్తాయి. ఒక్క ఫిల్టర్ పెడితే పోయేది. మేం కావాలన్న ట్రైటర్పీన్ (30 కార్బన్ల పదార్థాల) దారి మటుకు స్క్వాలీన్ దగ్గర ఒక పెట్టెకి ఎర్రరంగు వేసి ఆపేశారు. అది వాళ్ళ తప్పు అని కూడా అనను, లిమోనాయిడ్ల (అజాడిరక్టిన్ లాంటి చేదు పదార్థాల) దారి ఇంకా పూర్తిగా ఎవరికీ తెలియదు, తెలియని దాన్ని రెడీమేడ్ పటం ఎలా చూపిస్తుంది. నా మాట అదే, ఇలాంటి పనికి రెడీమేడ్ ప్యాకేజీ అమ్మడమే అర్థం లేనిది.

ఇంకొకటి. గింజ ఎదిగే దశలు, ఆకు, పువ్వు, ఒక్కోదానికీ మూడేసి రిప్లికేట్లు పంపాం, ఆ మూడూ వేరువేరు చెట్ల నుంచి తీసినవి. రిపోర్టులో మాత్రం మూడింటినీ ముందే కలిపేసి ఒకటిగా చేసి పోల్చారు. చెట్టుకీ చెట్టుకీ మధ్య తేడా ఎంతో తెలుసుకోవడానికే కదా మూడు పంపింది, దానికే కదా మూడింతలు డబ్బు కట్టింది. ఈ సంగతి చెప్పాక మళ్ళీ చేసి పంపారు, మళ్ళీ చేసింది బాగానే ఉంది, కానీ అడిగే మనిషి లేని ల్యాబ్‌లో ఆ మొదటి పట్టికే పేపర్లోకి వెళ్ళిపోయేది.

మరి మేం ఏం చేశామంటే, ముడి ఫైళ్ళు తీసుకుని మొదటినుంచీ మేమే చేశాం. ఇందుకు పెద్ద కంప్యూటర్ కూడా అక్కర్లేదు, ఉన్న జీనోమ్ మీద మ్యాప్ చేయడానికి మా ల్యాబ్ మూలనున్న పాత వర్క్‌స్టేషన్ సరిపోయింది. పద్ధతి ఇది. తెలిసిన ఆ మొదటి మూడు జీన్లకి వేపలో ఉన్న జోడీలని ముందు పట్టుకోవాలి. అవి ఏ దశలో పెరుగుతున్నాయి, ఎక్కడ తగ్గుతున్నాయి చూసి, అచ్చం అదే తీరులో పెరిగి తగ్గే పీ450లు, రిడక్టేజ్‌లు, ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్‌లు ఇంకేమున్నాయో ఏరుకోవాలి. ఒకే పదార్థం కట్టే ఎంజైమ్‌లు చాలావరకు ఒకే సమయంలో పనికి దిగుతాయి అన్న నమ్మకం మీద నడిచే పద్ధతి ఇది, తురకవేప వాళ్ళు కూడా ఈ ఆధారం గట్టిగానే వాడుకున్నారు. ఏరినవాటిలో పూర్తి ప్రోటీన్ ఉందా లేదా చేత్తోనే చూసుకోవచ్చు. ఓఎస్‌సీ అయితే డీ-సీ-టీ-ఏ-ఈ అనే అయిదక్షరాల వరస ఉండాలి, పీ450 అయితే చివరి వైపు హీమ్‌ని పట్టుకునే సిస్టీన్ ఉన్న వరస ఉండాలి. రిపోర్టులో ఎక్కువగా మారిన జీన్ల పట్టికలో ముందున్నవాటిని ఈ జల్లెడలో వేస్తే మిగిలినవి చాలా తక్కువ. మాకు ఎన్ని దొరికాయి, ఏవి అన్నది మాత్రం ఇక్కడ రాయను, సార్ నా తల తీస్తారు. ఆ తర్వాత పొగాకు జాతి మొక్క ఆకుల్లో పెట్టి చూడటం ఉంది, అది వేరే కథ, అందులో సీక్వెన్సింగ్ కంపెనీ పాత్ర లేదు.

ఇదంతా ఆ కంపెనీ చేయలేదని కోపం కాదు. ఫోన్లో అనాలిసిస్ చేసే పిల్లాడితో కూడా మాట్లాడాను, తెలివైనవాడే. వారానికి ఎన్ని ప్రాజెక్టులో, ఒకటి బియ్యం, ఒకటి ఎలుక, ఒకటి రొయ్య, అన్నిటికీ ఒకే స్క్రిప్ట్. వేపపప్పులో ఏ దశలో ఏం తయారవుతుందో ఆ స్క్రిప్ట్‌కి ఎవరు చెప్పాలి. వాళ్ళు ఆ ప్యాకేజీని "జీన్ డిస్కవరీ" అని బ్రోచర్లో రాసి అమ్మకుండా ఉంటే నాకు ఇంత రాసే పనే ఉండేది కాదు.

వేరే చెట్ల వాళ్ళకి రెండు ముక్కలు. మా హాస్టల్లో ఒకమ్మాయి శ్రీగంధం మీద చేస్తోంది, చిత్తూరు జిల్లా, ఎర్రచందనం ఊళ్ళోంచి వచ్చి తెల్లచందనం పట్టుకున్నావేంటే అని ఏడిపిస్తుంటాం. శ్రీగంధం పని మాకన్నా కొన్ని విషయాల్లో తేలిక. శాంటలీన్ సింథేజ్‌ని 2011లోనే కనుక్కున్నారు, 15 కార్బన్ల ఫార్నెసిల్ డైఫాస్ఫేట్‌ని శాంటలీన్‌లుగా మార్చేది అదే. ఆ శాంటలీన్‌లని సువాసన ఇచ్చే శాంటలాల్‌గా మార్చే పీ450, సీవైపీ736ఏ167, 2016లో తేలింది. జీనోమ్ కూడా 2018లో వచ్చింది. కానీ కణజాలం దగ్గర చుక్కలు కనబడతాయి. నూనె ఉండేది చేవలో, అక్కడి కణాలు చాలావరకు చచ్చిపోయినవి, ఆర్‌ఎన్‌ఏ దొరకదు. తెల్లకలప చేవగా మారే సన్నటి పట్టీలోనే జీన్లు పనిచేస్తూ దొరుకుతాయి, డ్రిల్‌తో కోర్ తీసి ఆ కాస్త ముక్కనే వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాలి. తను ఇదే కంపెనీకి కలప పంపింది, రెండుసార్లూ ఆర్‌ఎన్‌ఏ రాలేదు, తీసినందుకు చార్జీ మాత్రం వేశారు. ఈ చార్జీ సంగతి కొటేషన్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. పడమటి కనుమల్లో నోథాపోడైటిస్ అనే చెట్టు మీద, క్యాంప్టోథెసిన్ కోసం పనిచేసేవాళ్ళు కూడా బెరడు, వేరు శాంపిళ్ళతో ఇలాగే జాగ్రత్తపడాలి. క్యాన్సర్‌కి వాడే ఇరినోటెకాన్, టోపోటెకాన్ రెండూ ఆ క్యాంప్టోథెసిన్ నుంచి వచ్చినవే, దాని కోసం ఆ చెట్లని విచ్చలవిడిగా నరికారు కాబట్టి శాంపిల్ వృథా చేసుకునే పరిస్థితి లేదు.

డబ్బు కట్టే దగ్గర చిన్న చిన్న చిరాకులున్నాయి. యూనివర్సిటీల వాళ్ళని కూడా సగం అడ్వాన్స్ అడుగుతారు, ప్రభుత్వ గ్రాంటులో అడ్వాన్స్ ఇవ్వాలంటే మన అకౌంట్స్ సెక్షన్ ఎంత ఏడిపిస్తుందో తెలిసిందే. గట్టిగా అడిగితే డేటా ఇచ్చాక కట్టడానికి ఒప్పుకుంటారు, మాకు ఒప్పుకున్నారు. డేటా డౌన్‌లోడ్ లింక్ కొన్నాళ్ళకే చచ్చిపోతుంది, ఆలోగా దించుకుని ఫైల్ వెంట ఇచ్చిన చెక్‌సమ్ (ఫైల్ పూర్తిగా దిగిందో లేదో చెప్పే కోడ్) సరిచూసుకోండి, మా ఒక ఫైల్ సగంలో తెగిపోయింది, చెక్‌సమ్ లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు. హార్డ్ డిస్క్‌లో కూడా ఇవ్వమంటే దాని డబ్బు విడిగా తీసుకుని ఇస్తారు, ఇప్పించుకోవడమే మంచిది.

మళ్ళీ వాళ్ళ దగ్గరికి వెళ్తామా అంటే వెళ్తున్నాం. ఈ వేసవి కాయల నుంచి కొత్త శాంపిళ్ళకి కొటేషన్ అడిగాం. ఆర్‌ఎన్‌ఏ మేమే తీసి ఇస్తాం, లైబ్రరీ, సీక్వెన్సింగ్ మాత్రమే చాలు, అనాలిసిస్ లైను కొట్టేయండి అన్నాం. "అక్కా, ప్యాకేజీ తీసేస్తే డిస్కౌంట్ పోతుంది" అన్నాడు తమ్ముడు. డిస్కౌంట్ లేకుండానే మొత్తం బిల్లు పోయినసారి కన్నా తక్కువొచ్చింది. మిగిలిన డబ్బుతో కొన్ని శాంపిళ్ళని పొడుగు రీడ్ల మెషిన్ మీద చదివించే ఆలోచన ఉంది, ఒక్కో ట్రాన్స్‌క్రిప్ట్ మొదలు నుంచి చివరిదాకా ఒకే రీడ్‌లో వస్తే ఆ పీ450 నకళ్ళ గొడవ చాలావరకు తీరిపోతుంది. బెంగళూరులో ఆ పని బాగా చేసేవాళ్ళెవరైనా మీకు తెలిస్తే, వేపపప్పు లాంటి నూనె గింజ మీద చేసిన అనుభవం ఉన్నవాళ్ళయితే మరీ మంచిది, చెప్పండి.